బండి తోసినావిడ

బ్యాటరీ ఛార్జింగ్ ఎక్కడం లేదని తెలిసి కూడా పలివెల నుంచి కొత్తపేట ఆసుపత్రికి ఆ బండి మీదే బయలుదేరాను.

నాలుగు రోజుల ముందే మెకానిక్ తాతబ్బాయి మీటరు పెట్టి చూశాడు. "రేజింగ్ ఇస్తే పద్నాలుగు వోల్టులు చూపించాలండి. పన్నెండు దాటట్లేదు. లోపల ఛార్జింగ్ కాయిల్ పోతోందండి. బండి వదిలేసెళ్లండి మేడం గారూ," అన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దాలి, ఆదివారం చూద్దాంలే అన్నాను.

శనివారం సాయంత్రం మా అమ్మాయి బిందుని కొబ్బరి డొక్కల కుప్ప దగ్గర కట్లపాము కరిచింది. మా ఆయన మస్కట్‌లో ఉన్నారు. అంబులెన్సు కోసం ఆగే ధైర్యం లేక, పిల్లని వెనక కూర్చోబెట్టి, చున్నీతో నా నడుముకి కట్టుకుని కాలవగట్టు ఎక్కాను.

పొగమంచు దిగుతోంది. కాలవలోంచి కుళ్లిన గుర్రపుడెక్క వాసన. లైటు పచ్చబడింది, ఎర్రబడింది, ఆరిపోయింది. కాస్త దూరంలో ఇంజనూ ఆగిపోయింది.

"రెప్పలు ఎత్తలేకపోతున్నానమ్మా," అంది బిందు.

చున్నీ విప్పి, పిల్లని సీటు మీదే ముందుకి వాల్చి, సైడు మూత పీకాను. ఫ్యూజు బాగానే ఉంది. బ్యాటరీ వైర్లు బిగించాను. ఉన్న కాస్త కరెంటూ లైటు తాగేయకుండా దాని వైరు ఊడబీకాను. కిక్కు కొట్టాను. పది... ఇరవై... పాదం చిట్లింది. గట్టు మీద మనిషన్నవాడు లేడు. ప్రార్థన కూడా గుర్తురాలేదు. మళ్లీ పిల్లని కట్టుకుని, కాళ్లతో బండిని నెట్టబోయాను.

"తొయ్యనాండీ?"

వెనకనుంచి. ఆడగొంతు. ఎంతో మర్యాదగా.

"ఆయ్! తొయ్యండమ్మా, తొందరగా!"

బండి కదిలింది. అడుగుల చప్పుడు లేదు. సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలాను. ఇంజను అందుకుంది. వైరు పీకేసిన లైటు... వెలిగింది.

"నేనూ ఎక్కనాండీ?"

"ఆయ్," అన్నాను. ఆలోచించి అనలేదు. మావైపు ఎవరేమడిగినా సరేనంటూ నోట్లోంచి ముందొచ్చేది అదే.

బండి వెనక్కి కుంగింది.

"అమ్మా... నా వెనక ఎవరు?" బిందు గుసగుసలాడింది. "చేతులు... తడిగా..."

"కళ్లు మూయకు. మాట్లాడుతూనే ఉండు."

అద్దంలో చూశాను. బిందు తల ఒక్కటే ఉంది. కిందికి చూశాను. నా నడుము చుట్టూ నాలుగు చేతులు.

ఆపలేదు. ఆపితే పిల్ల దక్కదు.

బిందు బతికింది. తర్వాత తాతబ్బాయి బండి విప్పి, "కాయిల్ మసైపోయిందండి. దీన్ని ఆసుపత్రి దాకా ఎలా తెచ్చేరండీ?" అన్నాడు. ఇంజను ఆపి ఉండగానే బ్యాటరీకి మీటరు పెట్టాడు. పద్నాలుగు. మీటరు మార్చాడు. మళ్లీ పద్నాలుగే. మూత బిగించేశాడు.

అప్పటినుంచి రోజూ చీకటి పడేవేళ ఆ బండి తోసినావిడ గుమ్మం బయటినుంచి అడుగుతోంది, "లోపలికి రానాండీ?" అని. మొదట్లో ఆ గొంతే. ఈమధ్య "అమ్మా, లోపలికి రానా?" అంటోంది. బిందు గొంతుతో.

"ఆయ్" అనే మాటే మానేశాను. బయటినుంచి బిందు పిలిచినా సరే, పలకను. లేచి వెళ్లి ముందు మొహం చూస్తాను. పిల్ల విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఏడాదిగా నేనీ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు.