బొటనవేలు చూపించొద్దు

నడిసముద్రంలో మొగుడి చెంప పగలగొట్టే యోగం అందరు ఆడవాళ్ళకీ పట్టదు. ఆమెకి పట్టింది.

నిజం చెప్పాలంటే తప్పు అతనిదే. తాడు పట్టుకుని లోపలికి దిగాడు. దిగాల్సిన లోతుకి గుర్తుగా తాడు చివర వేలాడుతున్న తెల్ల పళ్ళేన్ని మొదటిసారి ముట్టుకున్నాడు. ఆ సంబరంలో పైకి వస్తూ వస్తూ, తన కోసం కాస్త లోతుకి ఎదురొచ్చిన పెళ్ళానికి బొటనవేలు ఎత్తి చూపించాడు. సూపర్ అని అతని ఉద్దేశం.

గాలి సిలిండరు లేకుండా, ఒక్క ఊపిరి బిగబట్టి లోతుకి దిగే ఈ విద్యలో బొటనవేలు ఎత్తితే సూపర్ అని కాదు అర్థం. 'ఇక నా వల్ల కాదు, పైకి పోదాం' అని. సూపర్ అనాలంటే చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి. మొదటి రోజే చెప్పారు. అతను బుద్ధిగా తలూపాడు కూడా.

ఆమె గుండె గుభేలుమంది. చంకల కింద చేతులు వేసి పైకి ఈడ్చింది, మాస్క్ పీకింది, మొహం మీద ఊదింది, నేర్పినట్టే చెంప మీద తట్టింది. ఆ తట్టడంలో భయం కాస్త ఎక్కువ కలిసింది.

"అబ్బా! ఎందుకే కొడుతున్నావ్?"

"బతికే ఉన్నావా?"

"నువ్వు కొట్టేదాకా బాగానే ఉన్నాను!"

నేర్పే టీచరమ్మ, తాడు పై కొస కట్టిన, నీళ్ళ మీద తేలే ఎర్ర బుడ్డ మీద మోచేతులు ఆనించి ఇదంతా చూస్తోంది. ఎండకి కమిలిన మొహం, కత్తిరించిన జుట్టు, నవ్వడానికి ముందు చాలాసేపు ఆలోచించే మనిషి.

"ఆ అమ్మాయి చేసింది కరెక్ట్," అంది. "బొటనవేలు ఇంకోసారి చూపిస్తే నేనే కొడతా."

ఆ అమ్మాయిని పుట్టింట్లో అందరూ 'సగం' అంటారు. పేరు పెట్టింది తండ్రి. డాన్సు సగంలో మానేసింది, టైపు సగంలో మానేసింది, పెద్ద చదువు మొదలుపెట్టి దాన్నీ సగంలో వదిలేసి పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో చేరింది. ఆ పని మాత్రం ఇష్టంగా చేసింది. ఎవరెవరి నవ్వులో ఆమె చేతిలో తయారయ్యేవి. అయినా తండ్రి లెక్కలోకి అది రాలేదు. పెళ్ళి రోజున వచ్చినవాళ్ళందరి ముందూ, "కనీసం దీన్నన్నా సగంలో వదిలెయ్యకమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె మూతి ముడుచుకుంది.

పెళ్ళికొడుకు మాత్రం చెవిలో, "సగం అంటే మంచిదే కదా! అర్ధాంగి అన్నమాట," అన్నాడు. ఆ ఒక్క మాటకి అతనికి ఆమె జీవితకాలం క్షమాభిక్ష పెట్టేసింది. దాన్ని అతను ఇప్పటికే చాలావరకు వాడేసుకున్నాడు.

అతను లిఫ్టులు రిపేరు చేస్తాడు. అందుకే ఆమె అతన్ని పిలిచేది 'లిఫ్టు' అని. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరిగినవాడికి సముద్రం సులువుగానే లొంగింది. ఉద్యోగాలు మానేసి, వీపున చెరొక సంచీ తగిలించుకుని, బస్సులో, లారీలో, ఒకసారి గడ్డి ట్రాక్టరులో ఊళ్ళు తిరుగుతూ వచ్చారు. ఈ తీరంలో రెండు రోజులు ఉండి పోదామనుకున్నారు. వచ్చిన సాయంత్రమే ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళి, తాపీగా పైకి వచ్చి, ఏమీ జరగనట్టు జుట్టు పిండుకుంటున్న టీచరమ్మని ఆమె చూసింది.

"నేనూ నేర్చుకుంటా," అంది.

"నీకు స్నానానికి వేడినీళ్ళు లేకపోతేనే ఏడుపొస్తుంది కదా."

"అయితే ఏంటి?"

ఈ 'అయితే ఏంటి' ఆమె చేతిలో ఆయుధం. దాని ముందు లిఫ్టు ఎప్పుడూ నిలబడలేదు.

కానీ సముద్రం నిలబడింది. లోతుకి పోయేకొద్దీ నీళ్ళు చెవుల్ని నొక్కుతాయి. ముక్కు మూసి, లోపల్నుంచి గాలి తోసి చెవులు తెరుచుకోవాలి. ఆమె చెవులు సగం దాకా బుద్ధిగా తెరుచుకుని, తరువాత తలుపులు వేసేసుకునేవి. నొప్పి మొదలవగానే తాడు దగ్గర మలుపు తిరిగి పైకి వచ్చేసేది. ప్రతిసారీ సరిగ్గా సగంలోనే.

"మీ నాన్న మాట పెడచెవిన పెట్టీ పెట్టీ ఆ చెవులు అలా బిగుసుకుపోయాయేమో," అన్నాడు లిఫ్టు ఓదారుస్తున్నాననుకుని. సంచీ విసిరితే తప్పుకున్నాడు.

టీచరమ్మ మాత్రం వేరేలా అంది. "నొప్పి వచ్చింది, తిరిగొచ్చావు. మొండికేసి దిగినవాళ్ళ చెవులు పగలడం నేను చూశాను. తిరగడం తెలియనివాళ్ళకి నేను నేర్పను."

"కానీ సగంలో వచ్చేశాను కదా మేడమ్?"

"సముద్రం మార్కులు వెయ్యదమ్మాయ్. వేసేవాళ్ళెవరో నీతోపాటు నీళ్ళలోకి వస్తున్నారు. ముందు వాళ్ళని ఒడ్డున వదిలిరా."

చెంపదెబ్బ తగిలిన రోజు మధ్యాహ్నం, బస చేసిన ఇంటి వెనక కుళాయి దగ్గర ఆమె నీళ్ళలో వేసుకునే రబ్బరు వెట్‌సూట్లు జాడిస్తోంది. ఫోన్ టింగుమంది. తరువాత ఆగకుండా టింగుటింగుమంది. చుట్టాల గ్రూపు. పైన తండ్రి మెసేజ్: 'మా అల్లుడుగారు ఒకటో తారీకు నుంచి మన కొత్త ఫర్నిచర్ షోరూంలో మేనేజర్‌గా చేరుతున్నారు. పిల్లలిద్దరూ తిరుగుళ్ళు చాలించి వచ్చేస్తున్నారు.' కింద పెద్దమ్మల పూలగుత్తులు, బాబాయిల చప్పట్లు.

లిఫ్టు మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"మేనేజరు గారూ," అంది.

"ఎవరు?"

ఫోన్ అతని ముక్కుకి ఆనించింది. చదివాడు. టీ గొంతులో అడ్డుపడింది.

"నిన్న మీ నాన్న నాకు విడిగా మెసేజ్ పెట్టారు. కుర్చీ ఖాళీగా ఉంది, వచ్చేయండి అని. నేను ఊరికే బొటనవేలు పెట్టా."

"బొటనవేలా!"

"చూశాను అని!"

"ఆ వేలు కోసి కాకులకెయ్యాలి. పొద్దున దానితో నా ప్రాణం తీశావ్. దానికి ముందే మన ట్రిప్పు ప్రాణం తీశావన్నమాట!"

అదను చూసుకుని వాన మొదలైంది. ఇద్దరిలో ఒక్కరూ లోపలికి కదల్లేదు. కదిలితే ఓడిపోయినట్టు.

"నిజం చెప్పు," అంది ఆమె. "చూశాను అనేనా?"

అతను కప్పులో పడుతున్న వాన చినుకుల వైపు చూశాడు. "నాకు ఇంతవరకూ ఎవరూ కుర్చీ ఇవ్వలేదే. లిఫ్టు గోతుల్లో నిలబడి చేసే పని నాది. జనం వచ్చి, బాగయిందా అని తలుపుని అడుగుతారు గానీ నన్ను అడగరు. మేనేజర్ అని చదవగానే కాసేపు బాగుందనిపించింది."

"కాసేపంటే?"

"టీ తాగినంతసేపు."

ఆమెకి నవ్వొచ్చేది, ఏడుపు ముందు రాకపోతే. "ఆశపడితే తప్పు కాదు. నాకు చెప్పకపోవడం తప్పు. ఒకళ్ళు లోపలున్నప్పుడు ఒకళ్ళు పైనుంచి చూపు తిప్పకూడదని కదా ఇన్నాళ్ళుగా నేర్చుకుంటున్నాం? నేను లోపలున్నాను. నువ్వు మా నాన్న వైపు చూస్తున్నావు."

అతను కప్పు కింద పెట్టి, ఆమె చేతిలోని ఫోన్ తీసుకుని, చొక్కాకి తుడిచి, మామగారికే కలిపాడు. స్పీకర్ పెట్టాడు.

"మామయ్యగారూ, నేను పంపిన బొటనవేలు ఉంది చూశారూ…"

"ఏ బొటనవేలు? టికెట్లు దొరికాయా అల్లుడూ?"

"అది సరే అని కాదండీ. నిన్న దాని అర్థం నాకే సరిగ్గా తెలీదు. ఇవాళ తెలిసింది. మేం రావడం లేదు. మీ కుర్చీ నాకు వద్దండీ."

"అది అనమందా ఇలా?"

"లేదండీ. అది నన్ను కొట్టడానికి రెడీగా ఉంది. ఈలోపే చేశా."

ఆమె ఫోన్ లాక్కుంది.

"నాన్నా, డాన్సు సగంలో వదిలేశానన్నావ్. చదువు సగంలో వదిలేశానన్నావ్. వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పావ్. రేపు పొద్దున సముద్రంలో తాడు పట్టుకుని దిగి, దాని చివరి పళ్ళెం ముట్టుకుంటాను. ఇప్పుడు మొదటిసారి ఒక పని సగంలో వదలనంటున్నాను. వదిలెయ్యమంటున్నది నువ్వు! ఇదీ నా తప్పేనా?"

"సముద్రంలో మునగడం ఒక పనా?"

"నాకు పనే. నీకు కాకపోతే కాదు."

"నీ సంగతి నాకు తెలీదా? అక్కడా సగంలోనే తేలతావు, చూస్తూ ఉండు," అని తండ్రి ఫోన్ పెట్టేశాడు.

వాన ఇంకా కురుస్తూనే ఉంది. లిఫ్టు కప్పు చూపించి, "టీ కూడా సగమే మిగిలింది," అన్నాడు. ఈసారి ఆమెకి నవ్వొచ్చింది. కోపం పోకుండానే నవ్వొచ్చింది. అతని భుజానికి తల ఆనించింది, అదీ కొంచెం గట్టిగానే.

మర్నాడు పొద్దున సముద్రం నిద్ర లేవని పిల్లలా మెత్తగా ఉంది. ఆమె మాత్రం పంతంతో బిగుసుకుపోయి ఉంది. ఇవాళ పళ్ళెం ముట్టుకుని తీరాలి. ఫొటో తీయించి గ్రూపులో పెట్టాలి. పెద్దమ్మల పూలగుత్తులు వెనక్కి తీయించాలి.

దిగింది. సగం దాటింది. పళ్ళెం కనిపించింది, ఇంకొంచెం చెయ్యి చాస్తే అందేలా. చెవిలో సూది గుచ్చినట్టయింది. ముక్కు మూసి గాలి తోసింది. చెవి కదల్లేదు. 'చూస్తూ ఉండు' అన్నాడు నాన్న, నీళ్ళలో కూడా అంత స్పష్టంగా. ఒక్క క్షణం ఆమె మొండికేసింది. మరుక్షణం ఆమెకే ఒళ్ళు మండింది. నాన్న మీద కోపానికి నా చెవి ఎందుకు పగలగొట్టుకోవాలి?

తిరిగింది.

పైకి వచ్చేసరికి లిఫ్టు మొహం ఎదురుగా ఉంది, రెప్ప వెయ్యకుండా. ఆమె ఊపిరి తీసుకుని, మాస్క్ తీసి, వేళ్ళతో సున్నా చుట్టి, "బాగున్నాను," అంది. నీళ్ళలోంచి వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పాల్సిన మాటే అది. ఇన్నాళ్ళూ పాఠంలా అప్పజెప్పేది. ఇవాళ నిజంగానే బాగుంది.

పడవలో తువ్వాలు కప్పుకుని కూర్చున్నాక ఫోన్ మోగింది. వీడియో. తెర నిండా తండ్రి గడ్డం, ఒక మూల అమ్మ కొప్పు.

"ముట్టుకున్నావా?"

ఆ ప్రశ్న కోసమే ఆయన పొద్దున్నుంచీ ఫోన్ పట్టుకుని కూర్చున్నాడని ఆమెకి అర్థమైంది.

"లేదు నాన్నా. సగం దాటాక తిరిగొచ్చేశా."

"చెప్పానా!"

"చెప్పావు. చెవి నొప్పెట్టింది, తిరిగొచ్చా. ఎవరూ తిప్పలేదు, నేనే తిరిగా. కాసేపాగి మళ్ళీ వెళ్తా."

"మళ్ళీనా?"

"మళ్ళీ. అప్పుడూ నొప్పెడితే అప్పుడూ తిరిగొస్తా. రేపు మళ్ళీ వెళ్తా. నువ్వు సగం అని పిలుచుకో. అయితే ఏంటి?"

డాన్సు మానేసిన పిల్ల మళ్ళీ వెళ్తానని ఎప్పుడూ అనలేదు. చదువు మానేసినప్పుడూ అనలేదు. తండ్రి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పక్కకి చూస్తూ అడిగాడు.

"ఆ తాడు గట్టిదేనా?"

"గట్టిదే నాన్నా. పైన మీ అల్లుడు కూడా ఉంటాడు."

"వాణ్ణి నమ్మలేం. మేనేజర్ కుర్చీ వద్దన్నాడు, బుద్ధి లేనివాడు. తాడునే చూసుకో."

ఈలోపు అమ్మ ఆయన భుజం మీంచి తోసుకుని ముందుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు, మొహం నిండా నవ్వు. కూతురికి తన ఆశీర్వాదం చూపిద్దామని బొటనవేలు పైకెత్తింది.

"అమ్మా! అది వద్దు!" మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకేసారి అరిచారు. టీచరమ్మ కూడా అరిచింది.

అమ్మ బెదిరిపోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. అల్లుడు వేళ్ళు కలిపి సున్నా చుట్టడం చూపించాడు. అమ్మ చుట్టింది. తండ్రి చూడనట్టే చూశాడు.

రెండోసారి దిగేటప్పుడు టీచరమ్మ ఒక్క మాటే అంది. "పళ్ళెం వైపు చూడకు. నీ ముందున్న తాడు చూడు."

ఆమె తాడు చూసింది. తెల్లని పోగులు, మధ్యలో ఒక్కటి కూడా తెగలేదు. నాన్నా, గట్టిదే, అనుకుంది. నవ్వొచ్చి దవడ వదులైంది, దాంతోపాటు చెవులూ తెరుచుకున్నాయి. చుట్టూ నీలం చిక్కబడింది, చల్లబడింది. ఒంట్లో గుండె ఒక్కటే నెమ్మదిగా కొట్టుకుంటోంది. పళ్ళెం దానంతట అదే వచ్చి వేళ్ళకి తగిలింది.

వస్తున్న దారిలో లిఫ్టు ఎదురొచ్చాడు. కళ్ళలోకి చూస్తూ పక్కనే పైకి వచ్చాడు. ఆమె ఊపిరి తీసుకుంది, సున్నా చుట్టింది, "బాగున్నాను," అంది. ఆ తరువాతే గట్టిగా అరిచింది. టీచరమ్మ ఎక్కువ ఆలోచించకుండానే నవ్వేసింది.

"మీ నాన్నకి ఫోన్ కలపనా?" లిఫ్టు ఒగరుస్తూ పడవ వైపు ఈదబోయాడు. "గ్రూపులో పెట్టేద్దాం. పెద్దమ్మలందరికీ…"

ఆమె అతని కాలు పట్టి వెనక్కి లాగింది.

"వద్దు. ఆయన దగ్గర సగమే ఉండనీ."

"అదేంటి?"

"మిగతా సగం మనది."

ఆ మాటకి అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. సంతోషం పట్టలేక చెయ్యి పైకెత్తాడు, బొటనవేలు లేచింది. ఆమె అరచెయ్యి కూడా లేచింది. అతను కంగారుగా వేలు వంచి సున్నా చుట్టాడు.