తీగ తీసేసినావా?

"పాపా, రేడియో తీగ తీసేసినావా?" అని ఫోన్‌లో అడిగింది హెప్సిబా అత్త.

"తీసేసినా అత్తా," అంది మిద్దె మీది గదిలో ఆడుకుంటున్న బ్లెస్సీ, క్యారమ్ బోర్డు మీంచి చూపు తిప్పకుండా.

తీయలేదు. రెడ్ కాయిన్ పాకెట్ అంచున ఊరిస్తూ ఉంది మరి. అది పడ్డాక తీద్దాంలే అనుకుంది. రేడియో స్విచ్ ఎలాగూ ఆపేసింది కదా!

హెప్సిబా అత్త బ్లెస్సీ వాళ్ళ నాన్నకు చెల్లెలు. యలహంకలో అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. అత్త పగలు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. సాయంత్రం ఆ గదిలోనే హ్యామ్ రేడియో ముందు కూర్చుని ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడుతుంది. దానికోసం పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకుంది. ఆ సెట్టంటే ఆమెకు ప్రాణం. బడి నుంచి వచ్చాక బ్లెస్సీ కాసేపు వినవచ్చు, అంతే.

మిద్దె మీద యాంటెన్నా తీగను ఇద్దరూ కలిసే కట్టారు.

"ఎదురింటి దాకా లాగుదాం అత్తా. బాగా పొడుగుంటాది," అంది ఆరోజు బ్లెస్సీ.

"మధ్యలో కరెంటు తీగలుండాయి. వాటి దగ్గరికే పోకూడదు," అంది అత్త.

చివరికి తీగ మధ్యభాగాన్ని వెదురు గడ మీదికి ఎత్తి, రెండు కొసలను చెరో పిట్టగోడ వైపు దించి కట్టారు. చిన్న మిద్దెకు అదే చక్కగా సరిపోయింది.

ఆ తీగ నుంచి ఒక కేబుల్ కిటికీలోంచి సెట్టుకు వస్తుంది. వినడం అయిపోగానే దాన్ని పీకి, కిటికీ బయట ఉన్న ఎర్త్ పెట్టెకు తగిలించాలి. అక్కడి నుంచి లావుపాటి రాగి తీగ కిందికి దిగి, జామచెట్టు పక్కన భూమిలో పాతిన కడ్డీని చేరుతుంది. పిడుగుల కాలంలో ఈ పని మరిస్తే పిడుగు తీగ వెంట సెట్టులోకే రావచ్చు. తీగ తీయడం అంటే ఇదే. నేను చేస్తానని బ్లెస్సీ అడిగి మరీ తీసుకున్న పని.

రెడ్ పడింది. తర్వాత ఇంకో ఆట. తమ్ముడు జోనా ఓడిపోయి అలిగాడు. వాణ్ణి బతిమాలేసరికి ఆకాశం నల్లబడింది. ఇల్లు అదిరేలా ఉరిమింది.

కేబుల్ ఇంకా సెట్టుకే ఉంది. ఉరిమేటప్పుడు దాన్నీ, సెట్టునూ అసలు ముట్టుకోకూడదని అత్త మొదటిరోజే చెప్పింది.

అంతలో ఫోన్ మోగింది. బస్సులోంచి అత్తే. బ్లెస్సీ స్పీకర్ నొక్కింది.

"కిటికీ రెక్క సరిగ్గా పడదు పాపా. జల్లు సెట్టు మీదే కొడతాది. నువ్వూ జోనా కలిసి దాన్ని మంచం మీదికి జరపండప్పా. తీగ తీసేసినావు కదా, భయం లేదు."

జోనా అప్పటికే సెట్టున్న బల్ల దగ్గరికి పరుగెత్తి రెండు చేతులూ చాచాడు.

బ్లెస్సీ వాడి చొక్కా పట్టి వెనక్కి లాగింది. "ముట్టుకోవద్దురా!"

తర్వాత ఫోన్ వైపు తిరిగి చెప్పేసింది.

"అత్తా, నేను తీయలేదు. అబద్ధం చెప్పినా."

"ఇద్దరూ కిందికి, అమ్మ దగ్గరికి పోండి. ఇప్పుడే. సెట్టు తడిస్తే తడవనీ," అంది అత్త.

సెట్టు తడిసింది. అత్త కూడా తడిసి ముద్దయి వచ్చింది. వస్తూనే ఇద్దరి తలలూ తడిమి చూసుకుంది.

"సెట్టు పోతే పోనీ పాపా. నీ మాట నమ్మి మిమ్మల్ని దాని దగ్గరికి నేనే పంపినా కదే," అంది. బ్లెస్సీకి ఏడుపు ఆగలేదు.

మరునాడు అత్త సెట్టు విప్పి ఫ్యాన్ కింద ఆరబెట్టింది. స్క్రూలన్నీ గిన్నెలో వేసి బ్లెస్సీ చేతికే ఇచ్చింది. ఆదివారం స్విచ్ వేశారు. గరగర. మళ్ళీ గరగర. ఆ తర్వాత కడప నుంచి ఎవరిదో గొంతు పలకరించింది. జోనా చప్పట్లు కొట్టాడు. బ్లెస్సీకి మాత్రం నవ్వడానికి కాసేపు పట్టింది.

రెండు రోజుల తర్వాత మళ్ళీ క్యారమ్ ఆట. మళ్ళీ ఫోన్.

"పాపా, తీగ తీసేసినావా?"

బయట ఎండ కాస్తోంది. ఒక్క మబ్బు కూడా లేదు. స్ట్రైకర్ బ్లెస్సీ వేలికి ఆనుకునే ఉంది.

"ఇంకా లేదత్తా. ఫోన్ పెట్టొద్దు, ఉండు."

ఆట వదిలి లేచింది. కేబుల్ పీకి, కిటికీ బయట ఎర్త్ పెట్టెకు తగిలించి, గట్టిగా బిగించింది. ఒకసారి లాగి చూసింది. అప్పుడు వచ్చి ఫోన్ తీసుకుంది.

"ఇప్పుడు తీసేసినా అత్తా."