విజిల్ ఊదని లోయ

ఆ లోయ పేరెత్తితే మా లకోటా తెగవాళ్ళు ఇప్పటికీ మాట మారుస్తారు.

కాలిఫోర్నియాలో, సముద్రానికి ఎగువన ఉంది. మాటల్లేని సినిమాల రోజుల్లో అక్కడ చెక్కలతో ఒక ఊరు కట్టారు. అన్నీ ముందు గోడలే, వెనక ఖాళీ. ఆ ఖాళీ వెనక, పొదలు మూసేసిన గండి. అందులో ఎవడో గుర్రం మీంచి పడి చచ్చాడట... లేవమనే విజిల్ కోసం రాత్రిళ్ళు ఇంకా అడుగుతుంటాడట.

మా తాత ఆల్బర్ట్ చెప్పిందే చెబుతున్నాను.

అక్కడ మావాళ్ళకి ఒకటే పని: కెమెరా ముందు చావడం. పొద్దున తుపాకీకి, మధ్యాహ్నం గుర్రం మీంచి పడి. మా నాయకుడి వేషం మాత్రం మొహానికి రంగు పూసుకున్న తెల్లవాడిది! తాత చెల్లెలు లూసీ మొగుడు జోనస్ ఉండబట్టలేక డైరెక్టర్‌ని అడిగాడు.

"ఆ వేషం నాకివ్వండి. మా నాన్న నిజంగానే నాయకుడు."

డైరెక్టర్ పగలబడి నవ్వాడు. "నువ్వా? నీ మొహం రెడ్ ఇండియన్‌లా లేదోయ్! పోయి చావు. విజిల్ ఊదేదాకా కదిలావో, కూలి ఉండదు."

ఆ సాయంత్రం దాడి సీను తీశాక జోనస్ కనిపించలేదు. అతని గుర్రమూ లేదు.

"దొంగ వెధవ! గుర్రంతో ఉడాయించాడు," అన్నాడు డైరెక్టర్. మావాళ్ళూ నమ్మారు. అంత మాట పడ్డాక ఎవడుంటాడు?

లూసీ మాత్రం నమ్మలేదు. "నాకు చెప్పకుండా పోడన్నా. వెతుకు."

"అలిగాడు చెల్లీ. వాడే వస్తాడు."

ఆ రాత్రి తాత గుర్రాలకి నీళ్ళు పెట్టి, చెక్క ఊరి వెనకగా వస్తున్నాడు. గాలి లేదు. పొదల్లోంచి... గొంతు కూడా కాదు, ఊపిరి...

"ఊదారా...?"

చచ్చినవాళ్ళు రాత్రిపూట పిలిస్తే మేము పలకం. అటు చూడం. తిండి పెట్టి వచ్చేస్తాం. తాత సంచిలో ఉన్న రొట్టె, ఎండు మాంసం చూడకుండానే పొదల్లోకి విసిరి పరుగెత్తాడు.

మర్నాటి రాత్రీ అదే చోటు. ఈసారి ఇంకా సన్నగా...

"ఊదారా...?"

మళ్ళీ రొట్టె విసిరాడు. ఈసారి నమలడం వినిపించింది. వచ్చి లూసీకి అంతా చెప్పాడు. "ఆ దెయ్యం నా తిండి తీసుకుంది చెల్లీ! ఇక మనల్ని ఏమీ చెయ్యదు."

లూసీ గిన్నె పక్కన పెట్టి లేచింది.

"నమిలిందా? చచ్చినవాళ్ళు తిండి వాసనే కదన్నా తీసుకునేది?"

"నక్కేమో..."

"నక్క అడిగిందా, ఊదారా అని?"

లాంతరు పట్టుకుని పరుగెత్తారు. పొదలు నరికారు. గండిలో గుర్రం చచ్చి పడి ఉంది. దాని కింద ఛాతీ నలిగిపోయి జోనస్. ఒక్క చెయ్యే బయటికి ఉంది, రొట్టె ముక్క పట్టుకుని.

పెదాల మీద రొట్టె పొడి. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

ఆనాడు వెలుతురు పోతోందని డైరెక్టర్ చెయ్యి ఊపేసి కారెక్కాడు. ఆ చెయ్యి చూసినవాళ్ళు లేచి పోయారు. గండిలోకి అది కనిపించదు. విజిల్ ఎవరూ ఊదలేదు.

జోనస్ పడ్డం సినిమాలో ఉంచారు. ఎంత బాగా చచ్చాడో అని జనం చప్పట్లు కొట్టారు.

ఆ లోయలో దెయ్యం ఉందంటారు. అబద్ధం! ఆ రెండు రాత్రులూ అక్కడ ఉన్నది మనిషి.