గుడ్డ తగలని చోటు

తాపీమేస్త్రి సుద్దముక్కతో గోడమీద పొడవాటి గీత గీశాడు. ఆ గోడకు ఆనించి ఉన్న మంచం ఆమెది. మంచం కింద పెట్టె ఆమెది. పెట్టెమీద మడతపెట్టి ఉన్న చొక్కాలు మాత్రం దర్జీవి, ఇంకా కాజాలు కుట్టాల్సినవి. "ఇక్కడిదాకా కొట్టేస్తే షట్టరు పడుతుందమ్మా. కాస్త మంచం జరుపుతారా?" అని అతను మొహమాటంగా అడిగాడు. జరపడానికి చోటేదీ? ఆ ఇంటి పెద్దకోడలు మంచం పట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ గదిలో పట్టపగలు కూడా దీపం వేస్తే తప్ప సూదిలోకి దారం ఎక్కదు. అందుకే గడపమీద కూర్చుని కుట్టుకునేది. అయినా ఇది ఆమె గది... పిల్లల్లేరు, ఆయన పోయాడు, మిగిలింది ఈ నాలుగు గోడలే. ఇప్పుడు అందులో ఒకటి సందువైపు తెరుచుకుని మరిదికి దుకాణమవుతుందట.

మరిది గుమ్మం అవతలే నిలబడ్డాడు. లోపలికి రావడానికి ముఖం చెల్లలేదు కాబోలు.

"వదినా, అన్యాయం చేస్తున్నాననుకోకు. గోదాం మూసేస్తున్నారు. ఈ చేత్తో నాకింకెవరు పనిస్తారు చెప్పు?"

ఎడమచెయ్యి చాపాడు. రెండు వేళ్ళు వంగవు, అరచెయ్యి ఎండి ముడుచుకున్న ఆకులా ఉంటుంది. చిన్నప్పుడు పిండిమర పట్టీలో పడిందని ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో చెప్పారు. ఆ చెయ్యి చూస్తే ఆమె దేనికీ కాదనలేదు.

"నాన్న పంచి ఇచ్చిందే కదా. ఇల్లు నాది, తుపాకి అన్నయ్యది. అది అమ్మితే నీకు గాలీ వెలుతురూ ఉన్న గది వస్తుంది. అద్దెకు కాదు, సొంతానికి," అన్నాడు నేల చూస్తూ.

నిజమే, మామగారు పోయేముందు అలాగే పంచారు. ఆ జంట తుపాకి ఇంటికి సరిజోడని అందరూ అనుకునే మాటే. ఒకదానిమీద ఒకటి రెండు గొట్టాలు. పైది చిన్న చిన్న గుళ్ళు చిమ్ముతుంది, కిందిది ఒక్క తూటాను దూరంగా కొడుతుంది. "అచ్చం మీ అత్తే. ఒక గొట్టం అరుస్తుంది, ఇంకోటి కరుస్తుంది," అని మామగారు కోడలితో నవ్వేవారు. ఆమె కాపురానికి వచ్చిన వారానికే అత్తగారు ఆ తుపాకినీ, ఒక నూనె గుడ్డనూ, మెత్తటి బూడిద డబ్బానూ తెచ్చి ముందు పెట్టింది. "గొట్టాలు అద్దంలా మెరవాలి. ముఖ్యంగా ఇక్కడ," అంటూ పై గొట్టం మొదట్లో వేలు పెట్టి చూపించింది. అప్పటినుంచి వారం వారం తోముతూనే ఉంది. భర్త పక్కన కూర్చుని, "ఇక చాల్లే, చేతులు అరిగిపోతాయి," అనేవాడు. అది ప్రేమ అనుకుని ఆమె ఇంకో నాలుగుసార్లు రుద్దేది. తను మాత్రం గుడ్డ ముట్టుకునేవాడు కాదు. లోపల పెట్టబోయేముందు తుపాకిని మధ్యకు మడిచి, గొట్టాలు వెలుతురుకు ఎత్తి, ఒకదాని తర్వాత ఒకటి లోపలికి చూసేవాడు. చాలాసేపు చూసేవాడు... మగవాళ్ళ సరదాలు మగవాళ్ళవి అనుకునేది. ఆయన పోయాక కూడా తోమడం మానలేదు. ఆ ఇనుముమీద ఆయన చూపు ఇంకా ఉందేమో అనిపించేది.

మర్నాడు పొద్దున, పాత తుపాకులకు వెల కట్టే పెద్దాయన ఇంటికే వచ్చాడు. లైసెన్సు కాగితాలు చూశాడు, తుపాకి విప్పి ఖాళీగా ఉందని చూసుకున్నాడు, సంచిలోంచి భూతద్దం, చిన్న టార్చి, ఇత్తడి కొలబద్ద తీసి బల్లమీద పేర్చాడు. ముందుగదిలో ప్లాస్టిక్ కవరు కూడా తీయని సోఫా ఉంది. తోడికోడలు దానిమీద ఎవరినీ కూర్చోనివ్వదు, ఆయన్ని కూడా కుర్చీలోనే కూర్చోబెట్టింది. అత్తగారు గోడవారగా పీటమీద ముడుచుకుని కూర్చుంది.

పెద్దాయన గొట్టాలమీద వేలు పోనిచ్చి, వేలికొన చూసుకున్నాడు.

"దీన్ని ఎవరు తోమారమ్మా?"

"నేనేనండీ," అంది ఆమె. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

"పాత తుపాకిని తోమకూడదమ్మా... పుట్టుకతో దీనికి ఒక నీలి ఛాయ ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. కొనేవాళ్ళు వెతికేది ఆ రంగునే. మనకది మురికిలా కనిపిస్తుంది. మురికి కాదు, వయసు."

"అయ్యో అక్కా," అంది తోడికోడలు, "ఇల్లంత విలువైన తుపాకిని తోమి తోమి గరిటె చేసిపెట్టావు కదా."

మరిది ముఖం నల్లబడింది. "ఎంత పని చేశావు వదినా. ఇచ్చింది ఇచ్చినట్టే నీ చేతికి వచ్చింది. పాడుచేసుకుంది నువ్వు. ఇక గది విషయం నన్నడక్కు."

ఆమె తన చేతులకేసి చూసుకుంది. సూది పోట్లు, బూడిద ఒరిపిళ్ళు... ఈ చేతులు చేసిన ఒక్క పనికీ మంచిపేరు రాదేమో. తలెత్తి అత్తగారి వైపు చూసింది. ఆవిడ చూపు కలపలేదు. 'మీరే కదా తోమమన్నారు' అనే మాట గొంతుదాకా వచ్చింది. పరాయి మనిషి ముందు పెద్దావిణ్ణి ఎలా అనడం? మింగేసింది.

"అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాడు పెద్దాయన. ఆయన పక్కనే నిండు గ్లాసు ఉంది. ఆమె వంటింట్లోకి వెళ్ళి, కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, ఇంకో గ్లాసు తెచ్చింది. ఆయన ఏమీ ఎరగనట్టు అందుకుని తాగాడు.

ఈలోగా గొట్టాల కింద ఉండే చెక్కను విప్పి పక్కన పెట్టాడు. "ఇలా చూడమ్మా. నీ గుడ్డ తగలని చోటు." అక్కడ ఇనుము వానకు ముందటి మబ్బు రంగులో ఉంది. ఇన్నేళ్ళూ తన ఒళ్ళో పెట్టుకున్న వస్తువు అసలు రంగు ఆమె అప్పుడే చూసింది.

"కొత్త గొట్టంలో గట్టిగా మందు దట్టించి పేల్చి చూస్తారు. తట్టుకుంటే ముద్ర కొడతారు. ఆ ముద్రను బట్టే ఏ కాలందో చెబుతాం," అంటూ భూతద్దం దించాడు. "కింది గొట్టం ముద్ర మా నాన్న పుట్టకముందుది. పై గొట్టానిది..." ఆగిపోయాడు. గొట్టాలను ఊడదీసి, దారంతో వేలాడదీసి వేలిగోటితో కొట్టాడు. బొంగురుగా, చచ్చుగా పలికింది. ఆ చప్పుడు ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళందరికీ తెలుసు. కుండ కొనేటప్పుడు అలా పలికితే పక్కన పెట్టేస్తారు.

"పై గొట్టం అసలుది కాదు. మొదలు దగ్గర కోసి కొత్తది అతికారు, దాని ముద్ర చాలా తర్వాతిది. ఇదొకప్పుడు పేలిపోయిన తుపాకి. అతికిన రోజే దీని వెల పోయింది. తోమడంవల్ల పోయిందల్లా కాస్త రంగూ, ఆ అతుకు గీతా." మాట్లాడుతూనే ఆయన కళ్ళు మరిది ఎడమచేతిమీద పడ్డాయి. పేల్చేటప్పుడు గొట్టం కింద పట్టుకునే చెయ్యి అది. వెంటనే చూపు తిప్పుకుని సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. సంచి భుజాన వేసుకుని వీధిలోకి దిగాడు.

మరిది తలుపు దగ్గరికి వేశాడు. అప్పుడు పీటమీంచి అత్తగారి గొంతు వచ్చింది.

"పెద్దదాన్ని ఏమీ అనకండి. తోమించింది నేను. ఆ అతుకు ఎవరికీ కనపడకూడదని."

"ఎందుకత్తయ్యా?"

"నీ మొగుడు చిన్నప్పుడొకరోజు తుపాకి శుభ్రం చేసి, లోపల గుడ్డ పీలిక మరిచిపోయాడే. చిన్నాడు చూసుకోకుండా పేల్చాడు... పిండిమర అని మేం ఊళ్ళోవాళ్ళకు చెప్పుకున్నాం. నీకూ అదే చెప్పాం."

"అన్నయ్య నాతో ఆస్పత్రిలోనే చెప్పాడమ్మా," అన్నాడు మరిది నెమ్మదిగా. "ఆ కోపం ఎప్పుడో మరిచిపోయాను. కానీ అతికాక కొత్తదానితో సమానమన్నారు కదా నాన్న?"

"నువ్వు నమ్మాలని అన్నారు. మీ నాన్న ఇల్లు చెరిసగం రాస్తానన్నారు. పెద్దాడే వద్దన్నాడు. 'వాడి చెయ్యి నేను తీశాను, ఇల్లు వాడికుండాలి. తుపాకి ఇంటికి సమానమని చెప్పండి, లేకపోతే వాడు తీసుకోడు,' అన్నాడు. మొదట నలుగురి కోసం తోమించాను. తర్వాత నీకు అనుమానం రాకూడదని తోమించాను. ఆ మెరుపంతా అబద్ధంరా... ఈ పిచ్చిది ఎందుకని ఒక్కనాడూ అడగలేదు."

పెద్దకోడలు గోడకు ఆనుకుని కూలబడింది. వెలుతురుకు ఎత్తిన గొట్టాలు, అంతంతసేపు లోపలికి చూసే ఆయన... ఆయన వెతికింది ఒక గుడ్డ పీలికను. ప్రతి వారం, బతికినన్నాళ్ళూ.

"ఇల్లు వదులుకున్నందుకు నాకేం లేదత్తయ్యా," అంది. అలిసిపోయిన గొంతు. "నాతో ఒక్క మాట చెప్పి ఉంటే... ఆయనతో పాటు నేనూ లోపలికి చూసేదాన్ని కదా."

అత్తగారు పాకినట్టు జరిగి వచ్చి కోడలి చేతులు రెండూ ఒళ్ళోకి తీసుకుంది. క్షమించమనలేదు. ఆ ఒరిపిళ్ళమీద బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది. మరిది లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. చివరికి తోడికోడలే ముక్కు చీదుకుని, "ఏవండీ, మీ దుకాణానికి ఈ ముందుగది చాలదా? ఆ సోఫామీద ఎటూ ఎవరూ కూర్చోరు. ఎవరైనా కూర్చుంటే నేనే లేపేస్తాను," అంది. ఎవరికీ నవ్వు రాలేదు, కానీ అందరికీ ఊపిరి ఆడింది.

మర్నాడు మేస్త్రి పలుగుతో వచ్చాడు. మరిది ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. గోడమీది పొడుగు గీతను వంగని వేళ్ళ చేత్తోనే చెరిపేసి, సుద్దముక్క అడిగి తీసుకుని చిన్న చదరం గీశాడు.

"షట్టరు వద్దు. ఇక్కడ కిటికీ పెట్టు. వదినకు సూదిలో దారం కనపడాలి."

కిటికీ అమరింది. ఆమె ఇప్పుడు మంచంమీదే కూర్చుని కాజాలు కుడుతోంది. తోమే రోజు వచ్చినప్పుడు చెయ్యి దానంతటదే బూడిద డబ్బా కోసం వెతుక్కుంటుంది. "ఎందుకులేవే," అంటుంది అత్తగారు. గొట్టాలమీద అక్కడక్కడ సన్నగా గోధుమరంగు మొలిచింది, అతుకు గీత కూడా పైకి తేలుతోంది. ఆమె దాన్ని తుడవదు. తుపాకిని మధ్యకు మడిచి, కిటికీకి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తుంది. ముందు పై గొట్టంలోకి, తర్వాత కింది గొట్టంలోకి.

రెండింట్లోనూ వెలుతురే.

"ఏం లేదండీ," అని మెల్లగా చెప్పి లోపల పెట్టేస్తుంది.