నడుస్తున్న పద్దెనిమిది

ఆరాంఘర్‌లో బస్సు మారి, తడిసిన గొడుగుతో శంషాబాద్ మండలాఫీసు మెట్లెక్కేసరికి కావేరికి కోపం నషాళానికెక్కింది. ఒకే లెక్క కోసం మూడోసారి రావడం! జిల్లాలో ఏ మండలంలో ఎంతమంది ఓటు వయసు వాళ్ళున్నారో పోల్చే పట్టిక తయారుచేయడం జిల్లా ఆఫీసులో ఆమె పని. మిగతా మండలాలన్నీ బుద్ధిగా ఒదిగాయి. శంషాబాద్ ఒక్కటే ఎగిరెగిరి పడుతోంది.

"బ్లెసన్ గారూ, పక్కనున్న మహేశ్వరంలో లేనంతమంది ఓటు వయసు వాళ్ళు మీ మండలానికి ఎక్కణ్ణించి వచ్చారండీ? వానకి మొలిచారా?"

మండలంలో నమూనా ఇళ్ళు సర్వే చేసిన కుర్రాడు తాపీగా కుర్చీ తుడిచాడు. "జర కూసోన్రి మేడమ్. చాయ్ చెప్పన్నా?"

"చాయ్ వద్దు. లెక్క కావాలి."

"రెండూ ఇస్త గద."

ఆ నవ్వు చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఇవాళ తేలకపోతే ఈ టెంపరరీ కుర్రాణ్ణి తీసేయమని రాసి తెమ్మన్నాడు ఆఫీసరు. అలా రాయడానికి ఆమెకు మనసొప్పడం లేదు. అందుకు ఇంకా మండుతోంది.

"పదండి. జనాన్ని ఎలా అడిగారో నా ముందే అడగండి."

వానలోనే బయల్దేరారు. మొదటి ఇంట్లో అనంతమ్మ బియ్యం చెరుగుతోంది.

"అక్కా, పిల్లగానికి ఎన్నేండ్లు నడుస్తున్నయ్?" అన్నాడు బ్లెసన్.

"పద్దెనిమిది."

కావేరి తల పట్టుకుంది. "నడుస్తున్నవి కాదండీ, నిండినవి అడగాలి! ఆ అబ్బాయికి నిండింది పదిహేడేగా? అప్పుడే ఓటెక్కడిది?"

బ్లెసన్ నవ్వు ఎగిరిపోయింది. "మా దిక్కు గట్లనే అడుగుతరు మేడమ్. మిమ్మల్ని మస్తు పరేషాన్ చేసిన."

"చేశారు! నడవండి ఇహ."

పద్దెనిమిది అని రాసుకున్న ప్రతి ఇంటికీ ఒక్క గొడుగు కింద సాయంత్రం దాకా తిరిగారు. గొడుగంతా తన వైపే ఉందని, అతని చొక్కా సగం నీళ్ళు కారుతోందని కావేరి ఆలస్యంగా చూసింది. దానికీ తిట్టింది. పట్టిక కుదిరింది, అతని ఉద్యోగమూ నిలిచింది.

వారం తిరక్కుండా మళ్ళీ ఆ మెట్లే ఎక్కింది. బ్లెసన్ గాబరాగా లేచాడు.

"మల్ల తప్పొచ్చిందా మేడమ్?"

"రాలేదు!" గొడుగు టేబుల్ మీద పడేసింది. "పట్టికంతా వెతికాను. ఒక్క తప్పూ లేదు. ఇహ నేను ఏ వంకతో రానండీ ఇక్కడికి?"

అతను అర్థంకాక సర్వే కాగితాలు తిరగేయబోయాడు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"అన్నీ నేనే చెప్పాలా? మీరంటే ఇష్టమండీ!"

"నాకు మొదటి దినం నుంచే..." అంటూ కాగితాలు పక్కన పెట్టేశాడు. "గానీ నేను చర్చికి పోయేటోన్ని. అత్తాపూర్ల మీ నాయన ఒప్పుకుంటడా?"

"అరుస్తారు. నేనూ అరుస్తాను. మా ఇంట్లో నా గొంతే పెద్దది." గొడుగు తీసి అతని చేతిలో పెట్టింది. "ఆదివారం మీ ప్రార్థన కాగానే మీ అమ్మగారిని తీసుకుని రండి. నాన్న ముందుగా మీ వయసే అడుగుతారు. దయచేసి నిండినవే చెప్పండి!"