ఎనిమిదో పాటలో గట్టిమేళం

పొద్దున్నే మాబున్నీసా ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది. వంటింటి కిటికీలోంచి చూస్తే వసారాలో మొగుడు చేస్తున్న హడావిడి కనబడుతోంది. మీరా హుస్సేన్ బండల మీద చాప పరిచాడు, చాప మీద దుప్పటి పరిచాడు, దుప్పటి నడిమధ్యన కొత్త స్పీకరు పెట్టాడు. అది చూసి ఆమెకు ఒళ్లు మండింది. కూతురు నిన్ననే హైదరాబాదు నుంచి వచ్చింది. ముఖంలో కళ లేదు, తిండి మీద ధ్యాస లేదు. ఈ మహానుభావుడికి అవేమీ పట్టలేదు.

"ఏందయ్యా ఆ సంబరం? పిల్ల ఇంగా లేయలేదు. రోంత నెమ్మదిగా ఉండగూడదా?" అని వంటింట్లోంచే కసిరింది.

"లేచ్చాదిలే. వాళ్ల నాయన సన్నాయి చెవిలో పడితే అదే లేచ్చాది," అన్నాడు మీరా హుస్సేన్ మీసం దువ్వుకుంటూ.

వేంపల్లె చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లయినా, ఏ గుళ్లో ఉత్సవమైనా మీరా హుస్సేన్ సన్నాయి, గిడ్డయ్య డోలు ఉండాల్సిందే. తాళి కట్టే వేళకు అయ్యవారు చెయ్యెత్తి వేలు ఆడించాడంటే చాలు, చెవులు గింగుర్లెత్తేలా గట్టిమేళం అందుకుంటాడు. ఆ క్షణాన ఎవరు తుమ్మినా, ఎవరు ఏడ్చినా, ఎవరు నోరు జారి చెడ్డ మాట అన్నా అది పెళ్లికూతురి చెవిన పడకూడదు. అందుకే ఆ మోత. తాతల నాటి పని అది. ఇంట్లో కొడుకులు లేరు, ఇక మేళం తనతోనే సరి అని ఆయన దిగులు పడుతున్న రోజుల్లో కూతురు షాహనా పాటలు పాడతానని హైదరాబాదు వెళ్లింది.

ఆ పిల్ల సినిమాలకు పాడలేదు. సొంతంగా రాసుకుని, సొంతంగా బాణీ కట్టుకుని, గిటారు మీద పాడి ఫోన్లలో పేరు తెచ్చుకుంది. ఈ ఏడాది 'ఎండపొడ' అని ఎనిమిది పాటల ఆల్బం తెచ్చింది. చివరి పాట పేరు 'వాకిలి దాటినాక'. ఇల్లు విడిచి వెళ్లిపోయే ఆడపిల్ల పాట. దానికి సన్నాయి కావాలని తండ్రినే స్టూడియోకి పిలిపించుకుంది. మీరా హుస్సేన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి ఊది వచ్చాడు. ఆ రోజు నుంచీ కనబడిన ప్రతివాడికీ ఒకటే కథ. "అద్దం వెనకాల ఇంజనీరు వేలెత్తినాడప్పా. నేను గట్టిమేళం అందుకుంటి. ఆ గది అదిరిపాయె!"

స్పీకరు కొనేదాకా తానూ వినకుండా అట్టేపెట్టుకున్న ఆ పాటను ఇవాళ అందరికీ వినిపించాలని ఆయన సంకల్పం. గిడ్డయ్య వచ్చి చాప మీద కూర్చున్నాడు. మర్నాటి పెళ్లికి తెచ్చి పెట్టుకున్న డోలు ఆయన పక్కనే ఉంది. ఇలాంటివి వాసన పట్టినట్టు పసిగట్టే పక్కింటి నాగక్క ప్రహరీ మీద మోచేతులు ఆనించి నిలబడింది.

పాట మొదలైంది. గిటారు, దాని మీద షాహనా గొంతు, వెనకాల ఎక్కడో కంప్యూటరులో పుట్టిన పిల్లనగ్రోవి.

"ఇప్పుడు గాదు. రెండో చరణంలో జూడు గిడ్డయ్యా, ఒళ్లు జలదరిస్తాది," అన్నాడు మీరా హుస్సేన్.

రెండో చరణం వచ్చింది, పోయింది. పాట అయిపోయి ఇంకెవరిదో పాట మొదలైంది. ఎవరి ఒళ్లూ జలదరించలేదు.

"వేరే పాట పెట్టినట్టుండావు మీరన్నా," అన్నాడు గిడ్డయ్య మెల్లగా.

"నా కూతురు గొంతు నాకు తెలీదా?" అని మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఈసారి స్పీకరుకు చెవి ఆనించి విన్నాడు. మళ్లీ పిల్లనగ్రోవే.

"యాడుండాది అన్నా నీ సన్నాయి? నాకేమన్నా చెవుడొచ్చిందా ఏంది?" అని నాగక్క గోడ మీద నుంచి నవ్వింది.

"షాహనా!"

ఆ కేకకు మాబున్నీసా చేతిలో గరిటె కింద పడింది. షాహనా అప్పటికే మేలుకుని ఉంది. లోపల మంచం మీద పడుకుని రెండుసార్లూ ఆ పాట వింది. ఇక తప్పదని లేచి, జుట్టు ముడి వేసుకుంటూ వసారాలోకి వచ్చింది.

"నా సన్నాయి యాడుండాది?"

"తీసేసినాం నాయనా."

"ఎవురు తీసేసినారు?"

ఆల్బం విడుదల చేసిన కంపెనీ మనిషి హర్షవర్ధన్ పేరు చెప్పి తప్పించుకోవచ్చు. తీసేద్దామని మొదట అన్నది అతనే. కానీ షాహనాకు అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. "నేనే తీయమంటి," అంది.

"నన్నొక మాట అడగాలని అనిపీలేదా నీకు?"

"అడిగింటే ఒప్పుకుంటావా నువ్వు? ఆ పాట మీద ఎంత నవ్వినారో నీకు తెల్సునా? తలకాయ ఎత్తుకుని తిరగలేకపోతాండా నేను!"

ఆమె అన్నదాంట్లో అతిశయోక్తి లేదు. పాటలు పాడటం చేతకాకపోయినా పాటల మీద రాయడం చేతనైనవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఆల్బం వచ్చిన వారంలోనే ఒకడి తర్వాత ఒకడు సన్నాయి నొక్కులు మొదలుపెట్టారు. అందరికంటే ముందు రాసినవాడు హెన్రీ. వెబ్‌సైటులో ఆల్బంల మీద రాస్తాడు, అతను మెచ్చుకుంటే కచేరీలకు పిలుపులు వస్తాయి. షాహనా ఫోను తీసి, అందరి ముందూ చదివింది.

"'ఎనిమిది పాటల్లో ఏడు చక్కగా కుదిరాయి. ఎనిమిదోది కుదురుతుండగా పక్క వీధి పెళ్లి వచ్చి మీద పడింది.' ఇన్నావా నాయనా? ఇది జూసి మిగతావాళ్లంతా అదే మాట. ఒకడు నీ సన్నాయి ముక్క కత్తిరించి, గుర్రం బెదిరి పరిగెత్తే వీడియోకు అతికించినాడు. ఆడ హైదరాబాదులో అందరూ దాన్ని పంపుకుని నవ్వుకుంటాండారు. నా ఏడు పాటల గురించి ఒక్కడు మాట్లాడలే!"

మీరా హుస్సేన్ మెడ నరాలు ఉబ్బాయి.

"వాళ్లకు నువ్వేం జవాబిచ్చినావు?"

షాహనా ఫోను వెనక్కు దాచుకుంది.

"ఏదో రాసే ఉంటావు. సదువు."

"వద్దులే నాయనా."

"సదువంటాండా!"

"'అది రికార్డింగులో దొర్లిన పొరపాటు. సరిచేశాం. మన్నించండి.'"

గిడ్డయ్య తల దించుకున్నాడు. ప్రహరీ మీది నుంచి నాగక్క మోచేతులు మెల్లగా మాయమయ్యాయి. ఎంత గయ్యాళికైనా కొన్ని మాటలు నిలబడి వినడం కష్టం.

"పొరపాటు," అన్నాడు మీరా హుస్సేన్. "నా తాత ఊదిన సన్నాయి, నా నాయన ఊదిన సన్నాయి. నేను ఊదితే పొరపాటా?"

"అవును, పొరపాటే! ఇంజనీరు వేలెత్తింది ఆపమని! బయట ఏందో చప్పుడొచ్చిందని ఆపమన్నాడు. నువ్వు గట్టిమేళం అనుకుంటివి. లోపల కూర్చున్నోళ్లంతా ఆ పొద్దే నవ్వినారు. నాకు బాగుండాది, ఉంచండని నేనే పట్టుబట్టి ఉంచితి. నాకు నచ్చిందని ఎంతమందితో తిట్టించుకునేది?"

అనేశాక గానీ తానేం అన్నదో షాహనాకు తెలియలేదు. ఇంజనీరు వేలెత్తిన కథను ఈయన ఊరంతా చెప్పుకుని తిరిగాడని ఆమెకు తెలుసు. గిడ్డయ్యే ఆ కథ లెక్కలేనన్నిసార్లు విన్నాడు. ఇప్పుడు ఆ గిడ్డయ్య ముందే అది ఇలా ముగిసింది.

మీరా హుస్సేన్ గోడకు ఆనించిన సన్నాయి తీసి గుడ్డ సంచిలోకి దూర్చాడు. సంచి మూతి తాడు ఎంతకీ ముడి పడలేదు.

"గిడ్డయ్యా, రేపటి పెండ్లికి వేరేవాళ్లను మాట్లాడుకోమని చెప్పు. ఏలెత్తితే ఎందుకెత్తినారో తెలీనోడు మేళం ఏం వాయిస్తాడు? ఈ పొద్దుతో సరి. నేనింగ ఊదను."

"అంత మాట అనొద్దు మీరన్నా," అని గిడ్డయ్య లేవబోయాడు.

అప్పుడు వచ్చింది మాబున్నీసా, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని. "ఎవురో ముక్కూ మొఖం తెలీనోడు నవ్వినాడని కన్న నాయన పొరపాటైపాయనా నీకు? నిన్ను సంకనేసుకుని పెండ్లిండ్లకు తిప్పినాడు. ఆ సన్నాయి ఊదే నీకు అన్నం పెట్టినాడు. సిగ్గుండాదా నీకు?"

"నువ్వు ఊరికే అరవాకు అమ్మా. ఆ హెన్రీ రాసిందాంట్లో అబద్ధమేముండాది? ఇది గూడా ఇను." షాహనా కూడా గొంతు పెంచింది. "'పాటకు ప్రాణం లాంటి మాట ఆ చరణంలోనే ఉంది. ఆ మాటను సన్నాయి మింగేసింది. గాయని ఏమందో ఒక్క అక్షరం వినపడదు.' నిజమే గదా? నేను ఆ పాట రాసిందే ఆ మాట కోసం. ఆ ఒక్క మాటా ఎవురికీ ఇనపడకుండా జేసె ఈయన!"

"ఇనపడగూడదనే ఊదితి!"

ఇంతకు ముందు ఆయన అరిచిన అరుపులన్నీ ఒక ఎత్తు, ఈ అరుపొకటీ ఒక ఎత్తు. సంచి చేతిలోంచి జారి దుప్పటి మీద పడింది.

"ఏమన్యావు నువ్వు ఆ పాటలో? 'పిడికెడు మన్నేసి మర్చిపోండి నన్ను' అంటివే! నాకు రాగం నేర్పినావు గాని మాటలు జెప్పినావా? చెవులకు అవేందో తగిలిచ్చి ఊదమంటిరి. ఊదుతాంటే నా బిడ్డ గొంతు నా చెవుల్లోనే అడుగుతాండాది, మన్నేయమని. ఎవురేయాల మన్ను? మనిండ్లల్లో గోరీలో మొదట మన్నేసేది ఎవురు? నేనే గదా! అప్పుడే ఆయప్ప వేలెత్తె. అందుకోమన్నాడనే అనుకుంటి, అబద్ధమెందుకు. ఆపమని తెల్సినా ఆపుతాంటినా? ఆ మాట మీద ఎయ్యడానికి నా చేతిలో ఉండేది అదొక్కటే. ఊదితి. ఊపిరుండేదాకా ఊదితి!"

"అది పాట నాయనా. పాటలో పిల్ల అంటాది ఆ మాట, నేను గాదు."

"గొంతు నీదే గదా?"

మాబున్నీసా అందుకుంది, ఈసారి గొంతు తగ్గించి. "ఆ పొద్దు హైదరాబాదు నుంచి వచ్చి సంగటి ముద్ద ముట్టలేదు ఈయన. పిల్లకు యాడన్నా కష్టమొచ్చిందేమో అడుగు, నాకైతే చెప్పదు, నీకు చెప్తాది అని నన్ను పీక్క తిన్యాడు. నేనడిగితే బాగుండా అంటివి. బాగుండాదంట అంటే ఇంగ గట్టిమేళం కథ చెప్పుకుని తిరుగుతా ఉండె."

షాహనా చాప మీద కూలబడింది. ఫోనులో వెతికి పాత పాట తీసింది, సన్నాయి ఉన్నది. స్పీకరులో పెట్టింది. రెండో చరణం వచ్చింది. తన గొంతు 'పిడికెడు' అనబోయింది. అక్కడే సన్నాయి వచ్చి మీద పడింది. ఇన్నాళ్లూ ఆమె మొదట ఆ మోత విని ముచ్చటపడింది, తర్వాత విని సిగ్గుపడింది, తర్వాత దాన్ని తీసేయించింది. అది సరిగ్గా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మాత్రం ఏనాడూ చూసుకోలేదు. 'మర్చిపోండి నన్ను' అయిపోయేదాకా తండ్రి ఊపిరి ఆపలేదు. ఆ తర్వాత సన్నాయి గొంతు చీలిపోయింది. ఊపిరి చాలక చీలిన ఆ ఒక్క స్వరాన్నే గుర్రం వీడియోవాడు కత్తిరించుకున్నది.

పాట అయిపోకముందే హర్షవర్ధన్‌కు ఫోను చేసింది.

"హర్షా, పాత పాట మళ్లీ పెట్టు. సన్నాయి ఉన్నది."

"పిచ్చా నీకు? ఇప్పుడిప్పుడే అందరూ మర్చిపోతున్నారు. హెన్రీ మళ్లీ రాస్తాడు, మళ్లీ నవ్వుతారు."

"నవ్వుకోనీ! రాసుకోనీ! పక్క వీధి పెళ్లి కాదది, మా ఇల్లు. మా నాయన పొరపాటు చేశాడని రాసింది నేను. తప్పు నాదని కూడా నేనే రాస్తాను. నువ్వు పెడతావా, ఇంకెవరితోనైనా పెట్టించుకోనా?"

అతనేదో అంటుండగానే పెట్టేసింది. అప్పటిదాకా కోపం మోసుకొచ్చిన మనిషి ఒక్కసారిగా తండ్రి కాళ్ల మీద తల పెట్టి బావురుమంది. మాటలు లేవు, ఉత్త ఏడుపే. వీధి చివరిదాకా వినబడేంత ఏడుపు.

"ఏడవాకు," అన్నాడు మీరా హుస్సేన్, ఇంకా కోపంగానే. "పొద్దన్నే వాకిట్లో ఏందిది? జనం జూస్తారు. ఏడవాకంటాండా గదా!"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. ప్రహరీ మీద నాగక్క మోచేతులు మళ్లీ కనబడ్డాయి. మీరా హుస్సేన్ కూతురి తల మీద చెయ్యి వేసి నాలుగు వైపులా చూశాడు. ఏం చేయాలో ఆయనకు తోచలేదు. గిడ్డయ్యకు తోచింది. ఆయన డోలు దగ్గరికి లాక్కుని, కుడి చెయ్యి పైకెత్తి, అచ్చం అయ్యవారిలాగా వేలు ఆడించాడు.

మీరా హుస్సేన్ సంచిలోంచి సన్నాయి లాగాడు.

వసారాలో గట్టిమేళం అందుకుంది. చూరు మీది పిచ్చుకలు లేచిపోయాయి. వీధిలో పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ఏడుస్తున్న షాహనాకు తన ఏడుపు తనకే వినపడలేదు.

"ఎవురి పెండ్లి మే మాబున్నీ?" అని నాగక్క గోడ మీద నుంచి గొంతు చించుకుని అరిచింది.

మాబున్నీసా కొంగుతో కళ్లు ఒత్తుకుని అంతకంటే గట్టిగా అరిచింది. "పెండ్లి గాదు నాగక్కా! మా పాప ఏడుస్తాండాది. ఎవురికీ ఇనపడగూడదంట వాళ్ల నాయనకు!"