ఊపిరి గంట

రూలాన్ తల నీళ్ళలో ముంచి నిమిషం దాటింది. ముఖంలో ఏ ఇబ్బందీ లేదు. ఒడ్డున ఉన్న కోచ్ తావో మేడమ్‌కే ఊపిరాడలేదు. ఆవిడ విజిల్ వేసింది. రూలాన్ తల ఎత్తి గాలి పీల్చుకుంది.

"చూశారా?" అన్నాడు డాక్టర్ గూ, పెళ్ళికొడుకు తండ్రిలా.

సంగతి తేలికే. ఊపిరి బిగబడితే కాసేపటికి ఉక్కిరిబిక్కిరి అవుతాం. అప్పటికి ఆక్సిజన్ అయిపోయిందని కాదు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని మెదడు మోగించే గంట అది. పిరికి గంట, చాలా ముందే మోగుతుంది. రూలాన్ చెవి వెనక చర్మం కింద డాక్టర్ గూ పెట్టిన బియ్యపుగింజంత చిప్ దాని నోరు నొక్కేస్తుంది. ఇక వంద మీటర్ల ఫ్రీస్టయిల్ మొత్తం తల తిప్పకుండా ఈదొచ్చు. ఊపిరికని తల తిప్పిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది మరి.

"ఇది మోసం కాదా డాక్టర్?" అంది తావో మేడమ్.

"డోపింగ్ పరీక్ష ఒంట్లో ఏం చేర్చారో వెతుకుతుంది. ఏం తీసేశారో వెతకదు. ఈత సంఘం వాళ్ళే చూసి సరేనన్నారు."

"గంట మోగకపోతే ఊపిరి తీసుకోవాలని రూలాన్‌కెలా తెలుస్తుంది?"

"గోడ తాకాక తల ఎత్తుతుంది. రోజూ ఎత్తుతోందిగా!"

రూలాన్ మధ్యలో అందుకుంది. "కోచ్ గారూ, ఇరవై తొమ్మిదేళ్ళొచ్చాయి నాకు. ఈసారి జట్టులోకి రాకపోతే నా ఈత అయిపోయినట్టే. అడ్డుపడకండి."

ఎనిమిదేళ్ళప్పుడు అరచేతుల వెడల్పు చూసి నింగ్‌బో నగరంలోని క్రీడా పాఠశాలకు ఎంచిన పిల్ల. పద్దెనిమిదికే ఆసియా ఛాంపియన్. ఆ తర్వాత ఏడాదికో కుర్రపిల్ల వచ్చి ఆమెను వెనక్కి నెట్టింది. తావో మేడమ్ కాదనలేకపోయింది.

సెలెక్షన్ పోటీలో రూలాన్ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. అందరికంటే ముందు గోడ తాకింది. కొత్త రికార్డు! జనం లేచి అరుస్తున్నారు.

రూలాన్ తల ఎత్తలేదు.

రోజూ ఎత్తేది విజిల్ విని. తావో మేడమ్ పిల్లలందరికీ అదే అలవాటు. పోటీలో కోచ్‌లు విజిల్ వేయకూడదు. ఆ ముక్క ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పైగా ఇంకో నిబంధన. ఫలితం ప్రకటించేదాకా ఈతగత్తెను ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే అనర్హురాలే. ఒంట్లో యంత్రాలు దాచే కాలం కదా, ఎవరైనా ముట్టుకుని వాటిని మాయం చేస్తారని భయం. మిగతా అమ్మాయిలంతా గోడ తాకారు. బోర్డు మీద అధికారిక ఫలితం ఇంకా పడలేదు. తల దించుకుని ఆనందబాష్పాలు కారుస్తోందనుకున్నారు జనం. తావో మేడమ్ రూలాన్ వేళ్ళ వంక చూసింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. పట్టు జారుతోంది.

బట్టలతోనే దూకింది.

గట్టు మీద రూలాన్ దగ్గి, నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచేసరికి బోర్డు మీద ఆమె పేరు పక్కన 'అనర్హురాలు' అని పడింది.

"నన్నెందుకు ముట్టుకున్నారు?"

"చచ్చిపోతున్నావే తల్లీ!"

"అబద్ధం! హాయిగా ఉన్నాను. జన్మలో ఎప్పుడూ అంత హాయిగా లేను."

పాపం, రూలాన్ చెప్పింది నిజమే, గంట మోగలేదు మరి. అందుకే ఇప్పటికీ తావో మేడమ్ ముఖం చూడదు. కడుపుమంటతో తన రికార్డు చెడగొట్టిందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది. డాక్టర్ గూ చిప్‌లోని ఆనాటి ఆక్సిజన్ గ్రాఫులు పట్టుకొచ్చి చూడమని బతిమాలాడు. రూలాన్ వాటిని చూడనైనా చూడలేదు.

"నా ఒళ్ళు నాకు తెలియదా?" అంది.